మేళమును మెట్లపైకి దించుట

దిల్‌సుఖ్‌నగరము మొదలు ఎల్.బి.నగరము వరకు గల పెద్దబాట కిరుప్రక్కల, కొత్తపేట, సరూర్‌నగరము, కర్మన్‌ఘాటు మొదలగు పేటలలో, పెండ్లి హాళ్లకు కొదువ లేదు. ముహూర్తములు గల మాసములలో ఈ హాళ్లయందు క్రొత్త పోకడ యొకటి కనిపించుచున్నది. సన్నాయి, డోలు, శ్రుతి, తాళము పట్టి నలుగురైదుగురు కూర్చుండవలసిన తావున ఒక్క యువకుడు ఒక్క కీబోర్డు ముందు కూర్చుండుచున్నాడు. ఉదయము సన్నాయియు నందే, డోలును నందే. సాయంకాలపు విందులో ఇళయరాజాగారి వయొలిన్ల గుంపును నందే. పెద్దలు దీనిని నిందించుచున్నారు. ఖర్చు చూచుకొను గృహస్థులు మెచ్చుచున్నారు. ఇరుతెగలవారును ఆ వాద్యము పని మేళమును అనుకరించుటయే యని తలచుచున్నారు. చర్చింపవలసిన దా తలంపునే.

బృందవాద్యమును మెట్లవాద్యమున కెత్తుట ఐరోపాలో మూడువందల యేండ్లు దాటిన విద్య. వైమారు సంస్థానమున ఆర్గను వాయించుచుండిన బాఖ్ అను జర్మను విద్వాంసుడు 1713-14 ప్రాంతమున, ఇటలీదేశీయుడగు వివాల్డి వ్రాసిన వయొలిను కచేరీలు కొన్నిటిని ఆర్గనున కెత్తెను. అవి 1711లో ఆమ్‌స్టర్‌డామున అచ్చయినవి. బాఖ్ చేసిన పనిని పరికించినచో, వయొలిను ధ్వనిని తెప్పింప నతడు పెనగులాడలేదని విశదమగును. బృందమంతయు కలసి పలుకు ఘట్టముల నొక మెట్లవరుసపైని, ఒంటరి వయొలిన్లు మాటలాడుకొను ఘట్టముల వేరొక వరుసపైని నుంచెను. మంద్రమును పాదములకు వదలెను. కమానునకు సులువై వ్రేళ్లకు పొసగని చోట స్వరములనే మార్చివేసెను. ఎవరు ఎవరికి బదులు చెప్పుచున్నారో శ్రోతకు తెలియవలెను. అతడు కాపాడినది దానిని.

లివర్పూలు నగరపు సెయింట్ జార్జి హాలులో 1855 మొదలు 1894 వరకు ఆర్గను విద్వాంసుడుగా నుండిన బెస్టుగారి యక్కర వేరు. వాద్యబృందముల కచేరీలకు పోజాలని పురజనులకు ఆ రచనల నాయన వినిపించెను. గ్రామఫోనును రేడియోయును వచ్చిన పిదప ఆ యక్కర తగ్గిపోయినది. మన పెండ్లి హాలులో నది బొత్తిగా లేదు. వచ్చిన ప్రతి చుట్టము చేతిలోని ఫోనునందును అసలు పాట కలదు. ఇక నకలు వాయించుట యెవరికొరకు?

నాదస్వరము పేరుగల మీట నొక్కిన మాత్రమున నాదస్వరము పలుకదు. విద్వాంసుడు రంధ్రమును సగము మూసియు, ఊపిరిని హెచ్చించి తగ్గించియు, ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు జారుచుండును. తోడిలో గాంధారము ఊగుటయే దాని ప్రాణము. మెట్టుపై వ్రేలుంచినచో స్వరము బిగిసి నిలుచును. ఈ లోపమును చెప్పియే అఖిలభారత రేడియో 1940లో హార్మోనియమును వెలివేసినది. 1970 దశకపు తొలినాళ్లవరకు ఆ నిషేధము సడలలేదు. నేటి కీబోర్డులు పెక్కింటికి ఎడమప్రక్క స్వరమును వంచు చక్ర మొకటి కలదు. దానితో గమకము కొంతవరకు సాధ్యమే. అయితే ఎడమచేయి చక్రము పట్టియున్నంతసేపు మరొకటి వాయింపజాలదు గదా! గమకము కావలెనా, రెండవ చేతి పలుకు కావలెనా యని వాదకుడు ముందే తేల్చుకొనవలెను. మనవారు పెక్కురు తేల్చుకొనరు. రెంటిని సగము సగము చేసెదరు.

డోలు సంగతి యింకను కష్టము. డోలు వాయించువాడు పురోహితుని చేతిని కనిపెట్టుచు, సైగ రాగానే గట్టిమేళమునకు దుముకును. సన్నాయి ముగింపునకు వచ్చుట పసిగట్టి తానును ముక్తాయింపు కట్టును. యంత్రములోని నడక ఎవరి ముఖమును చూడదు.

మన నాటకరంగము ఈ లెక్కను చక్కగా గ్రహించినది. 1875లో కలకత్తాలో ద్వారకానాథ ఘోషుగారు చేతితిత్తి హార్మోనియమును సిద్ధము చేసిరి. ఆ జాతి పెట్టె తెలుగు పద్యనాటకమున స్థిరపడినది. అచ్చటి మంచి హార్మనిస్టు నటుని గొంతుతో పందెము వేయడు. శ్రుతి నిచ్చును, పద్యము చివర రాగమందుకొనును, ఊపిరి తీసికొను వ్యవధిని నింపును. తన పెట్టెకు రాని పనిని గాయకునికే వదలును.

పెండ్లికి తగిన సామగ్రియు మన యింటనే యున్నది. ముత్తుస్వామి దీక్షితులవారు (1775-1835) ఆంగ్లేయుల బ్యాండు మెట్లను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చిరి. ఆంగ్లేయుల రాజగీతపు మెట్టుననే ‘సంతతం పాహి మాం’ రచించిరి. బృందమునుండి గొంతున కెత్తిన ఈ నోటుస్వరములు శంకరాభరణపు శుద్ధస్వరములలో గమకభారము లేక నడచును. కదనకుతూహలపు గంతులును అట్టివే. వీనిని విడిచి తోడిని నొక్కిపెట్టుట యేమి వివేకము?

సినిమాపాటల విషయమున నాకు వేరొక ఫిర్యాదు. ‘గీతాంజలి’ (1989) పాటలలో ఇళయరాజాగారి వయొలిన్లు గాయకుని వెంట పోవు. మంద్రము సైతము తన త్రోవను తాను నడచును. మన వాదకుడు గాయకుని వరుసను మాత్రము కుడిచేత వాయించి, తక్కినది యంత్రమునకు వదలుచున్నాడు. అతిథులందరి మనస్సులలో నెటులును మ్రోగుచున్న దా వరుసయే! ఎడమచేత మంద్రమును, చరణముల నడుమ వయొలిన్ల జవాబును నిలిపి, వరుసను అచ్చటచ్చట వదలివేసినను పాట చెడదు. దిల్‌సుఖ్‌నగరములో పిల్లలకు కీబోర్డు చెప్పించు తలిదండ్రులు, ఎన్ని వాద్యముల ధ్వనులు వచ్చునని గాక, బిడ్డ యెడమచేయి యేమి చేయుచున్నదని అడిగిన బాగుండును.

ఖర్చు మాట మిగిలినది. వివాహపు దుబారాను తగ్గింపుడని మనమే చెప్పుచున్నాము. కాని పూలమండపమునకును, పంక్తిలో ముట్టకయే మిగిలిపోవు వంటకములకును వర్తింపని పొదుపు తరతరములుగా సన్నాయి, డోలు నమ్ముకొన్న కుటుంబములకే వర్తించుట న్యాయము కాదు. ఉదయము మేళమునకు, సాయంకాలము కీబోర్డునకు ఇచ్చుట ఏ గృహస్థునకైనను సాధ్యమే. దీనివలన ఆ యువకునకు నష్టము లేదు. మాంగల్యధారణవేళ డోలుతో పోటీపడు పని తప్పి, తనకు చేతనైన విందుపాటలను ముందుగా కూర్చుకొనుటకు ఒక పూట దొరకును.