శంకుచ్ఛాయయు త్రైరాశికమును

లంబకోణ త్రిభుజమున నొక భుజమును, లంబకోణము గాక మఱియొక కోణమును దెలిసినచో, తక్కిన భుజములను కొలబద్ద తాకింపకయే రాబట్టవచ్చునని నేడు పాఠశాలలో చదువు ప్రతి బాలుడును ఎఱుగును. కాని సైను, కొసైను, టాంజెంటు అను పేర్లను వల్లెవేయుచు, దేనిని దేనితో భాగింపవలయునో యను బెంగతో పరీక్షకు బోవు ఆ బాలునకు, ఈ విద్య యంతయు నొక త్రైరాశికమే యని చెప్పువారు మిక్కిలి యరుదు. మన జ్యోతిర్గణకులు దానిని త్రైరాశికముగానే యెఱిగి, ఒక చిన్న త్రిభుజమును చేతికందునట్లు నిర్మించుకొని, దానిని బట్టి చేతికందని పెద్ద త్రిభుజమును లెక్కించిరి.

ఈ విద్యకు మూలసాధనము శంకువు. పండ్రెండంగుళముల కొయ్యను నునుపుగా చెక్కి, నీరు పోసి మట్టము చూచిన నేలపై వృత్తమొకటి గీచి, దాని కేంద్రమున, తూకపుగుండుతో సరిచూచి, నిట్టనిలువుగా నాటుదురు. ఉదయమున దీర్ఘమైన నీడ క్రమముగా కుంచించుకొనుచు, దాని కొన వృత్తరేఖను దాటి లోనికి వచ్చు చోటను, అపరాహ్ణమున మరల పెరిగి వెలుపలికి బోవు చోటను గుర్తులుంచి, ఆ రెంటిని గలిపిన గీత తూర్పుపడమరలను జూపును. ఆ గుర్తులే కేంద్రములుగా ఒకదానినొకటి ఖండించు రెండు వృత్తములు గీచినచో నడుమ చేప యాకారము గలుగును. దాని తలతోకలను గలిపిన గీత ఉత్తరదక్షిణరేఖ. వాస్తుగ్రంథములును దిక్సాధనమునకు శంకువునే యాశ్రయించినవి.

ఇక త్రిభుజము మాట. శంకువు కోటి, నీడ భుజ, శంకువు కొన నుండి నీడ కొనకు సాగు కిరణము కర్ణము. పగలును రాత్రియు సమానముగా నుండు విషువద్దినమున మధ్యాహ్నమందు పడు నీడకు పలభ యని పేరు. హైదరాబాదు నగరమున నది ఇంచుమించు 3 అంగుళముల 45 వ్యంగుళములు, అనగా మూడు ముప్పావు. పండ్రెండు వర్గమును, మూడు ముప్పావు వర్గమును గూర్చి మూలము దీసినచో కర్ణము 12 అంగుళముల 34 వ్యంగుళములు వచ్చును. భుజములు మూడును దొరకినవి. శంకువు కొన యొద్ద నున్న కోణము మాత్రము, అనగా ఆ యూరి అక్షాంశము, దొరకలేదు. దానికి జ్యాపట్టిక, అనగా సైనుల పట్టిక, కావలయును.

ఆ పట్టికను ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతపు తన ఆర్యభటీయమున ఒక్క పద్యములో నిమిడ్చెను. వృత్తపరిధిని 21,600 కలలుగా భావించినచో వ్యాసార్ధము 3,438 కలలగును. వృత్తపాదమును 24 సమభాగములు చేసిన నొక్కొక్క చాపము 225 కలలు, అనగా 3 భాగముల (డిగ్రీల) 45 కలలు. ఆతడు జ్యలను గాక వాని నడుమ భేదములను మాత్రమే చెప్పెను: 225, 224, 222, 219, ఇట్లు తఱుగుచు వచ్చి తుదకు 22, 7. వరుసగా కూడుకొనుచు బోయినచో ఎనిమిదవ జ్య 1,719, ఇరువదినాలుగవది 3,438. ఎనిమిదవ జ్య ముప్పది భాగములది. అది వ్యాసార్ధమున సరిగా సగము. కంఠస్థము చేయువాని శ్రమ నెఱిగి చేసిన పని యిది. నాకు దీనిలోని లాఘవమే ఆ గ్రంథకర్త ప్రజ్ఞకు మేటి తార్కాణముగ దోచును.

ఇప్పుడు త్రైరాశికము. కర్ణము 12 అంగుళముల 34 వ్యంగుళములైనపుడు భుజ 3 అంగుళముల 45 వ్యంగుళములు. కర్ణము 3,438 అయినపుడు భుజ యెంత? సుమారు 1,025. పట్టికలో 890 నాలుగవ జ్య, అనగా 15 భాగములది, 1,105 ఐదవది. మిగిలిన 135ను, ఆ రెంటి భేదమగు 215కు 225 కలల చొప్పున పంచినచో 141 కలలు వచ్చును. మొత్తము 17 భాగముల 21 కలలు. హైదరాబాదు అక్షాంశము దీనికి ఒకటి రెండు కలలు మాత్రమే యెక్కువ! కొయ్యముక్కయు కూడికలును తప్ప వేఱు సామగ్రి లేదు.

కోణము ముందుగా దెలిసి భుజము తెలియనపుడు ఇదే త్రైరాశికము తిరుగబడును. గోపురము అడుగునకు నూఱు మూరల దూరమున నిలిచి యంత్రముతో శిఖరమును జూడగా నున్నతాంశము 37 భాగముల 30 కలలు వచ్చెననుకొందము. దాని జ్య పదవది, 2,093. కోటిజ్య (కొసైను) పదునాలుగవది, 2,728. కోటిజ్య 2,728కు జ్య 2,093 అయినచో నూఱు మూరలకు సుమారు 76 మూరల ముప్పావు. పరిశీలకుని కంటియెత్తు దానికి గలుపవలయును. టాంజెంటను మూడవ పట్టిక లేకపోవుట వలన లోపమేమియు గలుగలేదు. నిజమునకు శంకువు నీడయే ఆ పని చేయుచుండెను.

పట్టికకు లోపము లేకపోలేదు. రెండు జ్యల నడుమ వక్రమును సరళరేఖగా నెంచుట స్థూలము. ఆ స్థూలత్వమును దిద్దుటకు బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకమున ద్వితీయభేదములను గూడ గణనలోనికి దెచ్చెను. పట్టికయే చేత లేనివానికై మొదటి భాస్కరుడు చాపమును దాని సంపూరకముతో గుణించి వచ్చిన రాశి నుండియే జ్యను దీయు సూత్రమును మహాభాస్కరీయమున నొసగెను. అది ముప్పది భాగములకు సరిగా సగమునే యిచ్చును.

తెలుగువారికి ఈ గణితసంప్రదాయమును దేశభాషలో నందించినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దిలో తెనిగించెను. ఆ సంస్కృతమూలమున ఛాయావ్యవహారమునకు ప్రత్యేకాధ్యాయము కలదు.

అడుగు చేరరాని దీపస్తంభము విషయమై ఆర్యభటుడు చెప్పిన ఉపాయమును గూడ చెప్పవలసియున్నది. ఒకే వరుసలో రెండు సమశంకువులు నాటగా ఒకదాని నీడ 9 అంగుళములు, రెండవదాని నీడ 12, నీడల కొనల నడుమ దూరము 60 అయినచో, 60ని నీడల భేదమగు 3తో భాగించి శంకువుతో గుణింపగా దీపము ఎత్తు 240 అంగుళములు, అనగా పది హస్తములు. అదే భాగఫలమును మొదటి నీడతో గుణింపగా, దాని కొన స్తంభమూలమునకు 180 అంగుళముల దూరమున నున్నదని తెలియును. స్తంభము దరికి బోవలసిన పని లేదు. రెండు నీడలును నడుమ దూరమును చాలును.