చుట్ల పుస్తకము

ఈ వారము నాకు కలిగిన సంతోషమునకు స్థానము ఒక 8 అంగుళముల గాజుపలక. దాని కుడివైపు పై మూలను వ్రేలితో తాకితిని; కుడివైపు పై మూలయే పలికినది. ఇందు విశేషమేమని పాఠకులు అడుగవచ్చును. అంతకుముందు కొన్ని దినములుగా ఆ మూలను తాకినచో ఎడమవైపు క్రింది మూల పలుకుచుండెను. నడుమ తాకినచో బాణపుగుర్తు అంచునకు చేరి అచటనే నిలిచిపోవుచుండెను. కావున తాకినచోటు తాకినట్లే తెలియుట నాకు పండుగయైనది.

ఆ పలక పది సంవత్సరముల నాటి టాబ్లెట్టు. 2014 ఏప్రిలులో మైక్రోసాఫ్టు సంస్థ 9 అంగుళములలోపు తెరగల పరికరములకు విండోసును ఉచితముగా నొసగ నిశ్చయించిన పిమ్మట, ఇంటెల్ వారి ఆటమ్ జడ్ 3735 ఎఫ్ అను చౌకయైన ప్రాసెసరుతో, 2 జీబీ ర్యాముతో, 32 జీబీ నిలువతో ఇట్టి పలకలు అనేక నామధేయములతో సంతలోనికి వచ్చినవి. విండోస్ 10 కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14 తో ముగిసినవి. బత్తలపల్లె కూడలిలో సెల్‌ఫోనులు బాగుచేయు యువకునికి దీనిని చూపగా, “ఇంగ దీంట్లో ఏమీ లేదు సార్, పాత సామాన్లకు ఏసేయండి” అని సౌమ్యముగానే చెప్పెను. తెర వెలుగుచున్నది, బ్యాటరీ నిలుచుచున్నది, ప్రాసెసరు తన పని తాను చేయుచున్నది. ఇన్ని అంగములు చక్కగా నుండగా దానిని తూకమునకు వేయుటకు నా మనసొప్పలేదు.

ఈ శీర్షికను వారము వారము చదువువారికి నా పట్టుదలలు క్రొత్తవి గావు. కొన్న వస్తువు కొన్నవానిదై యుండవలెననియు, మూతను మరలతో బిగింపక జిగురుతో నతికించు వాడుక దేశమునకు చేటనియు, తన పనిముట్టును తన చేతితో విప్పి చూడని మనుష్యునకు ఆ పనిముట్టుపై ప్రేమ పుట్టదనియు ఎన్నిమారులు వ్రాసితినో లెక్కలేదు. ఆ పట్టుదలతోనే ఈ పలకలోనికి డెబియన్ అను లినక్సు వ్యవస్థను, అనగా బల్లమీది కంప్యూటరునకై నిర్మింపబడిన దానిని, అరచేతి పరికరమునకు ఎక్కింప బూనితిని.

ఎక్కించుటలో మొదటి చిక్కు వాకిటిలోనే యున్నది. ఈ ప్రాసెసరు 64 బిట్లది, కాని దానిని మేలుకొలుపు ఫర్మ్‌వేరు 32 బిట్లది. కావున 64 బిట్ల బూటు ఫైలు మాత్రమే కలిగి వచ్చిన వ్యవస్థను అది చూచియు చూడనట్లుండును. డెబియన్ వారు 2015 లో వెలువరించిన 8వ విడుదల నుండియే ఈ మిశ్రమ ద్వారమునకు త్రోవ ఏర్పరచిరి. పెన్ను డ్రైవునుండి లేచిన స్థాపనపు తెరపై భాషల వరుసలో తెలుగు కూడ కానవచ్చును. అయితే బొమ్మల విధానమును ఎన్నుకొన్నప్పుడే, ఏలయన వట్టి అక్షరముల విధానములో మన లిపిని కూర్చు శక్తి లేదు. పలకకున్న రంధ్రము ఒక్కటే. ఓటీజీ తీగకు హబ్బును తగిలించి, దానికి కీబోర్డును పెన్ను డ్రైవును తగిలించినచో ఛార్జరునకు చోటు మిగులదు. కనుక ముందుగానే బ్యాటరీని పూర్తిగా నింపుకొని మొదలిడవలెను. నిలువు తెరను అడ్డముగా బిగించి యుండుటచే అక్షరములన్నియు ప్రక్కకు పండుకొని యుండెను. బూటు వరుసలో ఒక్క మాట చేర్చగనే అవి లేచి నిలిచినవి. శబ్దము, వైఫై తమంత తామే పలికినవి. పోతన, వేమన అను తిరుమల కృష్ణ దేశికాచార్యుల వారి అక్షరరూపములు డెబియన్ భాండారముననే లభించుచున్నవి. ఇంతవరకు అంతయు నల్లేరుపై బండివలె సాగినది.

అరచేతిలోనికి లినక్సును దింపు కోరిక మన ప్రాంతమునకు క్రొత్తది గాదు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని ఆచార్యులు కొందరు 1999 లో సింప్యూటర్ ట్రస్టు నేర్పరచి, దేశభాషలలో చదివి వినిపింపగల చేతి కంప్యూటరును లినక్సుపైననే నిర్మించిరి. దేశములో అదియే తొలిమాట యని నేననుకొందును. పిదప 2011 అక్టోబరు 5 న వెలువడిన ఆకాశ్ టాబ్లెట్టును బిగించినది మన హైదరాబాదులోనే. దాని రెండవ రూపమును 2012 నవంబరు 11 న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిరి. అందు ఆల్‌విన్నర్ ఏ13 అను చిప్పును, 512 ఎంబీ ర్యామును ఉండెను. ఆ చిప్పునకొక సుగుణము కలదు: విద్యుత్తు తగులగనే అది తన లోపలి నిలువను చూడక, ముందుగా ఎస్‌డీ కార్డు గూటిలో వ్యవస్థ యున్నదేమో వెదకును. ముంబయి ఐఐటీలో ఆచార్య దీపక్ ఫాటక్ నాయకత్వమున పనిచేసిన బృందమువారు ఆ సుగుణమునే ఆశ్రయించి, కార్డునుండి లేచు గ్నూ/లినక్సును సిద్ధపరచిరి. కార్డు పెట్టినచో లినక్సు, తీసినచో ఆండ్రాయిడ్. విద్యార్థి దేనినీ పోగొట్టుకొనడు. ఆకాశ్‌ను నిందించినవారు పెక్కురు. తెరచిన వాకిలి యుండిన ఆ పలకను నేను నేటికిని గౌరవముతోనే తలచుచున్నాను.

ఇక స్పర్శ. నా పలకలో వ్రేలిని గుర్తించు చిప్పు సైలీడ్ అను చైనా సంస్థ చేసినది. దానికి స్వంత జ్ఞాపకము లేదు. మేలుకొన్న ప్రతిసారియు వ్యవస్థ దానికొక ఫైలును అందింపవలెను. ఆ ఫైలు ఒక్కొక్క పలకకు ఒక్కొక్క తీరుగ నుండును, గాజు కొలతను తీగెల వరుసను బట్టి మారుచుండును. తయారుచేసినవారు దానిని వేరుగా ప్రకటింపలేదు. అది విండోస్ డ్రైవరు గర్భమున దాగియున్నది. అనగా విండోసును చెరిపివేసి లినక్సు నెక్కించువాడు, చెరుపుటకు ముందే ఆ ఫైలును బయటికి తీసికొననియెడల, పలకకు వ్రేలి ఎరుక పోవును.

ఈ సంగతి తెలిసిననాడు నా మనసు టాబ్లెట్టును విడిచి, కూడలిలో నొకప్పుడుండిన మోటారు వైండింగు కొట్టునకు పోయినది. అనంతపురపు మెట్టలో ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు; అదియు కాలమునకు రాదు. వేరుసెనగ ఊడలు దిగువేళ వాన మొగము చాటువేసినచో రైతునకు బోరే దిక్కు. వోల్టేజి పడిపోయిన రాత్రులందు మోటారు మితిమీరిన కరెంటును లాగి వేడెక్కును. బోరులో నీరు జారిపోయినచో వట్టిగ తిరిగి కాలిపోవును. కాలిన మోటారును ఎద్దుల బండిపై వేసికొని తెల్లవారకముందే వచ్చి, కొట్టు అరుగుపై తుండుగుడ్డ పరచుకొని కూర్చున్న రైతులను నేను బాల్యము నుండియు చూచినవాడను. “అన్నా, సాయంత్రానికి కావాల, లేకుంటే మడి ఎండిపోతాది” అని వారు. “ముందు చుట్లు ఎంచనీ నాయనా, తర్వాత మాట్లాడుదాం” అని కొట్టు నడుపు పెద్దమనిషి.

ఆయన తొందరపడిన దినము నేనెరుగను. కాలిన రాగితీగను కోసి పారవేయుటకు ముందు, ఏ గాడిలో ఎన్ని చుట్లున్నవో, ఒక చుట్ట ఏ గాడినుండి ఏ గాడికి దాటుచున్నదో, తీగ ఏ గేజిదో, కొసలు ఎట్లు కలిసినవో ఒక్కొక్కటిగా ఎంచి, పొడుగాటి లెక్కల పుస్తకములో వ్రాసికొనెడివాడు. మోటారు కంపెనీ పేరు, ఎన్ని హార్సు పవరు, రేకుమీది గుర్తులు పైన, లెక్కలు క్రింద. ఎంచక ముందే కోసినచో ఆ రాగి వట్టి తునకలగును. పిదప ఊహచే చుట్టిన మోటారు తిరుగనైతే తిరుగును గాని, నెలలోపల మరల అరుగెక్కును. ముదిగుబ్బ వైపునుండి మరియొక కొట్టువాడు సైకిలుపై వచ్చి, ఆ పుస్తకమును ముందిడుకొని కావలసిన పుటలను ఎత్తివ్రాసికొని పోవుచుండెను. గిరాకీ తగ్గదా యని నేనడిగితిని. ఆయన తీగ చుట్టుచునే, “మోటారు నాదా సామీ? దాని లెక్క నాదెట్లైతాది?” అనెను.

ఆయన హస్తకౌశలమును గూర్చి ఈ శీర్షికలో పలుమారులు ప్రస్తావించితిని. కన్నులు మూసికొనియైనను గాడిలో తీగను సమముగా పరుపగల ఆ వ్రేళ్లను నా పాఠకులు ఎరుగుదురు. పుస్తకము మాట నేడు వ్రాయవలసి వచ్చినది, ఏలయన నా పలక స్పర్శను వెదకుచు పోగా పోగా నాకు చిక్కినది అట్టి పుస్తకమే.

లినక్సు కెర్నెల్‌లో టచ్‌స్క్రీన్ డీఎమ్ఐ యను ఫైలొకటి కలదు. హాన్స్ డి గోడ యను డచ్చి దేశీయుడు దానిని 2017 లో ఆరంభించెను. అంతకుముందు ఆయన ఆల్‌విన్నర్ చిప్పులను, అనగా ఆకాశ్ హృదయమును, లినక్సునకు సుముఖము చేయుటలో కృషిచేసినవాడు. పిదప ఈ చౌక ఇంటెల్ పలకలకై సంవత్సరములు వెచ్చించెను. ఆ ఫైలును తెరచి చూచితిని. అందు ఉపాయములు లేవు, చమత్కారములు లేవు. పేర్ల జాబితా యున్నది. సంతలో ఒక ఏడాది అమ్ముడై మరుగుపడిన అనామక పలకలు ఒకటి వెంట నొకటిగా నిలిచినవి. ఒక్కొక్కదాని క్రింద తెర వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, ఈ అక్షము తిరుగబడినది, ఆ అక్షము తారుమారైనది, గరిష్ఠముగా ఇన్ని వ్రేళ్లు, కావలసిన ఫైలు పేరిది. ప్రతి వరుస వెనుకను ఎవరో యొకరు తమ ఇంట కూర్చుండి, నావలెనే మూలలను తాకి చూచి, సంఖ్యలను వ్రాసి పంపిరి. నా పలక అందు లేదు. కాని దాని దాయాది కలదు. ఆ కొలతలను బూటు వరుసలో మార్చి మార్చి పరీక్షింపగా తుదకు మూల మూలగా పలికినది.

ఈ వారపు శీర్షికను వ్రాయ కూర్చున్నప్పుడు నా తలంపు వేరు. మన రాష్ట్రములో 2022 డిసెంబరు 21 న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆరంభించి, 8వ తరగతి బాలబాలికలకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా టాబ్లెట్లు పంచిరి. పాఠములు ముందుగా నింపి, ఇతర వినియోగములను కట్టడిచేయు ఏర్పాటుతో అవి వచ్చినవి. ఆ పలకల వాకిళ్లను తెరచి, ప్రతి బాలుడును తన చేతులతో లినక్సు నెక్కించుకొను నాడు రావలెనని గట్టిగా వ్రాయదలచితిని. ఇప్పుడట్లు వ్రాయజాలను. వాటిలోని చిప్పులు నా పాత పలకలోనివాటి వంటివి గావు, ఫోనుల జాతివి. ఆండ్రాయిడ్‌కు అడుగున లినక్సు కెర్నెలే యున్నను, అది ఆ పరికరమునకై కోసి కుట్టినది. దాని కొలతలు తయారీదారుని కడనే యుండును. లెక్కల పుస్తకము లేనిచోట ఒక్కొక్క బాలుడు ఒంటరిగా వాకిలి బ్రద్దలుకొట్టినచో కెమెరా యొకరికి, శబ్దమొకరికి, పాఠము లందరికిని పోవును. తన చేతితో విప్పవలెనను నా పాతమాటలో చేతికంటె లెక్కకే పెద్దపీట వేయవలెనని నాకు తోచుచున్నది. కావున ప్రభుత్వమువారిని నేను కోరునది లినక్సు కాదు. రాబోవు కొనుగోలు ఒప్పందములలో, విద్యార్థి బడి విడిచిన పిమ్మట పలక బూటు తాళమును తీయు విధానమును, తెర, స్పర్శ, బ్యాటరీల చిప్పుల వివరములను బహిరంగపరచవలెనని ఒక నిబంధన వ్రాయింపవలెను. ఎక్కించువారు తరువాత వచ్చెదరు; ముదిగుబ్బ నుండి సైకిలుపై వచ్చినవానివలె ఎత్తివ్రాసికొని పోయెదరు.

నా వంతు వరుసలను నేను శుభ్రముగా వ్రాసి కెర్నెల్ నిర్వాహకులకు ఈ వారమే పంపుచున్నాను. ఇంట అట్టి పాత పలక గల పాఠకులు దానిని తూకమునకు వేయకుందురుగాక. విండోసును చెరుపుటకు ముందు, దాని డ్రైవర్ల సంచయమునుండి స్పర్శకు సంబంధించిన ఫైళ్లను పెన్ను డ్రైవునకు ఎత్తుకొనవలెను. లినక్సు నెక్కించిన పిమ్మట డీఎమ్ఐడీకోడ్ అను ఆజ్ఞ నిచ్చి, తయారీదారు పేరును బోర్డు పేరును వ్రాసికొనవలెను. కొందరు తయారీదారులు పేరుండవలసినచోట “డిఫాల్ట్ స్ట్రింగ్” అని వదలివేసిరి. అట్టి పలకలకు బయాస్ తేదీని కూడ చేర్చి పంపినగాని, ఒకదానినుండి మరియొకదానిని వేరుపరచుట సాధ్యము గాదు.