బొమ్మ వైపు ఆమె, అక్షరాల్లో నాన్న

సాంఘికశాస్త్రంలో పునరుజ్జీవనం పాఠం అంటే మాకు చిత్రాలు, శిల్పాలు, అచ్చుయంత్రం. పతకాల ఊసే లేదు. అందుకే మా సార్ కంప్యూటర్ గదిలో రెండు పతకాల ఫోటోలు చూపించారు. రెండూ ఇటలీ చిత్రకారుడు పిసానెల్లో చేసినవే. మొదటిది చూసి నవ్వొచ్చింది. రెండోది చూసి కోపం వచ్చింది. అయినా రెండోదే గొప్పదని నా అభిప్రాయం.

మొదటిది బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదో జాన్‌ది. ఆయన 1438లో చర్చి సభ కోసం ఫెరారా నగరానికి వచ్చారు. పతకం వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు. పక్కకు తిరిగిన ముఖం, ఎత్తైన టోపీ, ముక్కును దాటి ముందుకు పొడుచుకొచ్చిన దాని అంచు. చుట్టూ గ్రీకు అక్షరాల్లో రోమన్ల చక్రవర్తి అని బిరుదు. నిజానికి అప్పటికే ఆయన రాజ్యం చాలావరకు పోయింది. 1453లో రాజధాని కూడా పోయింది. రాజ్యం ఎంత తగ్గినా టోపీ మాత్రం తగ్గలేదు! వెనకవైపు పిసానెల్లో తన పేరు గ్రీకులోనూ లాటిన్‌లోనూ వేసుకున్నాడు, మా ఊళ్లో దుకాణం బోర్డు మీద రెండు లిపులున్నట్టు.

ఇవి నాణేలు కావు, వీటితో ఏమీ కొనలేం. మైనంతో నమూనా చేసి, అచ్చు తీసి, కరిగిన లోహం పోసేవారు. కావలసిన వాళ్లకు కానుకగా పంపేవారు. అంటే మనిషి వెళ్లలేని చోటికి ముఖం వెళ్లేది. కాబట్టి ఆ ముఖం చుట్టూ ఏం రాశారన్నది చిన్న విషయం కాదు.

రెండోది 1447 నాటిది. మాంటువా పాలకుడి కూతురు చెచీలియా గొంజాగాది. ఈమె చిన్నప్పుడే గ్రీకు నేర్చింది. మేం గుర్తుపట్టలేని చక్రవర్తి పతకం అక్షరాలు ఆమె గడగడా చదివేసేది! నాన్న కుదిర్చిన పెళ్లి వద్దంది. 1444లో ఆయన చనిపోయాకే కోరుకున్న మఠంలో చేరగలిగింది. మరి పతకం మీద ఏముంది? చెచీలియా, కన్య, మాంటువా పాలకుడి కూతురు అని. ఎవరి మాట కాదందో ఆయన పేరే ఆమె ముఖం చుట్టూ తిరుగుతోంది. మఠం దుస్తులు లేవు, పుస్తకం లేదు. బొరుసు వైపు నెలవంక కింద ఒక యువతి, పక్కన ఒంటికొమ్ము జంతువు. కన్యకు మాత్రమే లొంగుతుందని దాని కథ. మా క్లాసులో అందరూ మేక అన్నారు, మేకలాగే ఉంది కూడా.

అయితే ముఖం చూడండి. నగలు లేవు, పెద్ద టోపీ లేదు. పొడవాటి మెడ, మూసిన పెదవులు, చుట్టూ ఖాళీ లోహం. చక్రవర్తి ముఖం కన్నా టోపీయే గుర్తుంటుంది. ఈమెది ముఖమే గుర్తుంటుంది. అక్షరాలు చెప్పనిది పిసానెల్లో చెయ్యి చెప్పిందనిపించింది.

"ఆ కాలం అంతేనే, ఇప్పటి లెక్కలో తప్పు పట్టకూడదు" అంది నా స్నేహితురాలు. కావచ్చు. ఇంటికెళ్లి నా ప్రశంసాపత్రం తీసి చూశాను. నా పేరు ఒకసారి ఉంది, దాని కిందే నాన్న పేరు. నాన్నకు చూపిస్తే నవ్వి, "మరి అమ్మ పేరేదీ?" అన్నారు. నేను అది గమనించనేలేదు.