స్క్రూ చివర ముట్టుకోవాలి

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయే దారిలో గానీ, నిడుబ్రోలు మీదుగా బాపట్ల పోయే దారిలో గానీ ఏ మెకానిక్ షెడ్డులోనైనా పాత పెట్రోల్ జీపో అంబాసడరో బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంటే, దాని జబ్బు సాధారణంగా ఇదే అయివుంటుంది: పొద్దున్నే సెల్ఫ్ కొడితే పట్టదు, పట్టినా స్లోలో నిలవదు. పని కొత్తగా నేర్చినవాడు వెంటనే స్క్రూడ్రైవర్ తీసి, పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే కార్బురేటర్ మిక్స్చర్ స్క్రూ తిప్పుతాడు. పాత మేస్త్రీ దాని జోలికి పోడు. ముందు ఎయిర్ క్లీనర్ విప్పుతాడు, చోక్ చూస్తాడు, గొట్టాలు ఒక్కొక్కటీ తడుముతాడు. కార్బురేటర్ మీద ఉన్న స్క్రూ అన్నిటికంటే చివర ముట్టుకోవాల్సిన వస్తువని అతని గురువు నేర్పాడు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ క్రమమే.

లారీ అంటే డీజిల్ బండి అన్నది మనకు 1950ల తర్వాత అలవాటైన సంగతి. 1954లో టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి డీజిల్ లారీలు మొదలుపెట్టక ముందు షెవ్రొలే, ఫోర్డ్, డాడ్జ్, ఫార్గో లాంటి పెట్రోల్ లారీలే ఎక్కువగా బరువులు మోశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కి రేషన్ వచ్చినప్పుడు వాటిలో చాలావాటికి బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించి నడిపారు. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టారు. లారీలు డీజిల్‌కి మారినా ఆ జీపులు, తర్వాత అంబాసడర్లు, జిప్సీలు, మారుతీ వ్యాన్లు కార్బురేటర్ పనిని బతికించాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధన వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలోంచి కూడా కార్బురేటర్ దాదాపుగా తప్పుకుంది. ఇక మిగిలింది పాత బళ్లు, వాటిని ఎరిగిన చేతులు.

చోక్ పని తేలిగ్గానే చెప్పవచ్చు. ఒక పాలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే తూకంలో సుమారు 14.7 పాళ్లు గాలి కావాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ అంతా ఆవిరి కాదు, కొంత గోడలకే అంటుకుపోతుంది. అందుకని కార్బురేటర్ మూతి దగ్గరున్న రేకును మూసి, గాలి తగ్గించి, పెట్రోల్ వాటా పెంచుతాం. మన డెల్టాలో జనవరి తెల్లవారుజామున కూడా వణికించే చలి ఉండదు. చోక్ లాగాల్సింది కాసేపే. అందువల్ల ఇక్కడ చోక్ మూసుకోకపోవడం కన్నా, మూసుకున్నది పూర్తిగా తెరుచుకోకపోవడమే పెద్ద రోగం. సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగే బండికి ఉప్పుగాలి తగిలి చోక్ కేబుల్ లోపలి తీగ తుప్పు పడుతుంది. నాబ్ లోపలికి తోసినా రేకు సగంలోనే ఆగిపోతుంది. నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ దాని గుర్తులు. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది గనుక, నెలల తరబడి పట్టించుకోకపోతే రింగులు అరిగిపోతాయి.

పరీక్షకు ఒక మనిషి లోపల నాబ్ లాగాలి, ఒకరు పైనుంచి చూడాలి. లాగినప్పుడు రేకు పూర్తిగా మూసుకోవాలి, తోసినప్పుడు నిలువుగా నిలబడాలి. కేబుల్ బిగించేటప్పుడు రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచితే ఇంజన్ అదురుకి రేకు దానంతట అది మూసుకోదు. రేకు ఇరుసు సరిగ్గా మధ్యలో ఉండదనీ, దానికి స్ప్రింగ్ ఉంటుందనీ చాలామంది గమనించరు. ఇంజన్ పట్టగానే లోపలికి లాగే గాలే ఆ రేకును కొంచెం తెరవాలి. ఇరుసు జిగటపట్టి ఉంటే పట్టిన ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. అమెరికా పాత ట్రక్కుల్లో ఈ పనికి వేడికి సాగే స్ప్రింగ్, వాక్యూమ్‌తో కదిలే చిన్న డయాఫ్రమ్ పెట్టారు. ఆ డయాఫ్రమ్ చిరిగినా ఇదే రోగం: బండి పడుతుంది, నల్లగా పొగ కక్కి ఆగుతుంది.

అంబాసడర్ సంగతి వేరు. 1489 సీసీ ఇంజన్ మీది ఎస్‌యూ కార్బురేటర్‌కి చోక్ రేకే లేదు. నాబ్ లాగితే అడుగున జెట్టు కిందికి దిగి, సూది చుట్టూ సందు పెరుగుతుంది. నాబ్ తోశాక జెట్టు పూర్తిగా పైకి రాకపోతే రోజంతా చోక్ మీద నడిపినట్టే. ఇంజన్ వేడెక్కాక పక్కనున్న పిన్నుతో లోపలి పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు లేపి చూడడం ఈ కార్బురేటర్‌కి మేస్త్రీలు చేసే పరీక్ష. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఇంజన్ ఆగిపోబోతే తక్కువ, కాస్త పెరిగి సర్దుకుంటే సరిపోయింది. ఏ మీటరూ లేకుండా ఇంత కచ్చితంగా తన స్థితి చెప్పే యంత్రాన్ని తయారుచేసినవాడిమీద నాకు ఎప్పుడూ గౌరవమే.

అసలు చిక్కు వాక్యూమ్ దగ్గర వస్తుంది. స్లోలో థ్రాటిల్ రేకు దాదాపు మూసి ఉంటుంది. పిస్టన్లు కింద నుంచి లాగుతూనే ఉంటాయి. ఆ రేకు కింద పుట్టే వాక్యూమ్‌తోనే బండి చాలా పనులు చేయించుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ సమయం ముందుకు జరగడం, బ్రేకు బూస్టర్ పనిచేయడం ఇలాంటివే. పాత విల్లీస్ జీపుల్లో అద్దం తుడిచే వైపర్ కూడా దానితోనే నడిచేది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి, వానలో ఎత్తెక్కుతున్నప్పుడే వైపర్ నీరసపడేది. ఈ పనుల కోసం వేసిన ప్రతి గొట్టమూ, ప్రతి ప్యాకింగూ కార్బురేటర్‌ని తప్పించుకుని వచ్చే దొంగగాలి దూరడానికి ఒక దారి. డీజిల్ ఇంజన్‌లో మామూలుగా ఈ థ్రాటిల్ రేకు ఉండదు. అందుకే డీజిల్ లారీల మీదే చెయ్యి తిరిగినవాళ్లు పెట్రోల్ బండి దగ్గర తడబడతారు. అది వాళ్ల లోపం కాదు, వాళ్లకు ఆ అవసరం పడలేదు.

దొంగగాలికి ఒక స్వభావం ఉంది. స్లోలో మొత్తం గాలే తక్కువ కాబట్టి, సందులోంచి దూరే కొంచెం గాలీ పెద్ద వాటా అయిపోతుంది. వేగంలో ఆ వాటా లెక్కలోకి రాదు. అందుకే రోడ్డు మీద బాగా పరిగెత్తే బండి గేటు దగ్గర ఆగినప్పుడే మిస్సింగ్ కొడుతుంది. ఇక్కడ చోక్ వైద్యుడి పని చేస్తుంది. ఇంజన్ వేడెక్కాక చోక్ కొంచెం లాగి చూడాలి. నడక బాగుపడిందంటే గాలి ఎక్కువైంది, లేదా పెట్రోల్ తగ్గింది. ఇంకా చెడిందంటే పెట్రోల్ ముందే ఎక్కువగా ఉంది. అప్పుడు ఫ్లోట్ లెవెల్, నీడిల్ వాల్వ్ వైపు చూడాలి. కొందరు కార్బురేటర్ మూతిని అరచేత్తో సగం మూసి ఇదే సంగతి తెలుసుకుంటారు. ఒక్కోసారి మంట వెనక్కి తన్నుతుంది కనుక ముఖం మాత్రం దూరంగా ఉండాలి.

గాలి ఎక్కువైందని తేలాక ఎక్కణ్ణుంచో పట్టాలి. గొట్టాల్ని ఒక్కొక్కటిగా మెత్తగా నొక్కి చూస్తే, ఏది నొక్కినప్పుడు ఇంజన్ శబ్దం మారిందో అటు సందు ఉన్నట్టు. రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో ప్యాకింగ్ అంచుల వెంట వెతికితే సన్నని ఈల వినిపిస్తుంది. అనుమానం ఉన్న అంచు మీద నీళ్లు చిమ్మినా సరే, సందు క్షణంపాటు మూసుకుని శబ్దం మారుతుంది. కొందరు ఇందుకు పెట్రోల్ చల్లుతారు. వేడి ఇంజన్ మీద అది ప్రాణాలతో చెలగాటం, చేయకూడదు. డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి, నోటితో గాలి లాగి, నాలుకతో కొస మూస్తారు. నాలుక అతుక్కుని నిలిస్తే డయాఫ్రమ్ బాగున్నట్టు, జారిపోతే చిరిగినట్టు. బూస్టర్‌కి మరో పద్ధతి: ఇంజన్ ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి.

వాక్యూమ్ మీటరు ఉన్నచోట పని ఇంకా తేలిక. బాగున్న ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది, ముల్లు కదలకుండా నిలుస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది కాబట్టి అరకులో దాదాపు మూడు అంగుళాలు మినహాయించాలి. సముద్రమట్టం దగ్గరున్న బాపట్లలో మినహాయింపు ఉండదు. తక్కువ చూపిస్తే దొంగగాలో, స్పార్క్ ఆలస్యమో. ముల్లు క్రమం తప్పకుండా గిలగిలా కొట్టుకుంటే వాల్వ్ కూర్చోవడం లేదు. మిగతాదంతా చెవి.

కారణం దొరికాక బాగు చేయడం చాలాసార్లు చవకే. ప్యాకింగ్ దొరకకపోతే గ్యాస్కెట్ షీటు కార్బురేటర్ అడుగు మీద పరిచి, సుత్తితో అంచుల వెంట మెల్లగా తడుతూ అచ్చు తీసి కత్తిరిస్తారు. ఎక్కువ బిగించినందువల్ల అడుగు వంగి ఉంటే ఎన్ని ప్యాకింగులు మార్చినా లాభం లేదు. గాజు పలక మీద ఎమరీ పేపర్ పరిచి, చదును అయ్యేదాకా రుద్దాలి. థ్రాటిల్ ఇరుసు అరిగి ఊగుతుంటే లేత్ మీద బుష్ వేయించాలి. మహీంద్రా జీపు హరికేన్ ఇంజన్ ఈ విషయంలో మనకు మేలు చేసింది. గాలి పోయే దారి సిలిండర్ హెడ్‌లోనే పోత పోసి ఉంటుంది, కనుక మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ అనే ఒక అనుమానం తగ్గిపోతుంది. ఇవన్నీ అయ్యాకే స్క్రూ. దొంగగాలి ఉండగా స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచితే రోగం కప్పుకుపోతుంది, బండి పెట్రోల్ తాగుతుంది, యజమాని పెట్రోల్ బంకును తిడతాడు.

ఇప్పుడు ఈ విద్య అవసరం ఇంకా పెరిగిందని నా నమ్మకం. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ రావడం మొదలైంది. ఇథనాల్ మండడానికి తొమ్మిది పాళ్ల గాలే చాలు కనుక, పాత జెట్టుతో నడిచే ఇంజన్‌లో గాలి వాటా కొంచెం ఎక్కువవుతుంది. దొంగగాలి ఉన్నట్టే లక్షణాలు కనిపిస్తాయి. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది, మన డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. అందుకని ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించుకోవాలి. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచేటట్టయితే, పెట్రోల్ పైపు మూసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపించి ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేసి పెట్టాలి.