వార్ధక్యంలో వ్యసనం: నిర్వచనాలకు అందని మనిషి

'వ్యసనం' అనే సంస్కృత పదానికి దురలవాటు, ఆపద అనే రెండర్థాలూ ఉన్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణం రెండింటినీ కలిపే చర్చించింది. మన గ్రంథాల్లోని సప్తవ్యసనాలు మాత్రం రాజును ఉద్దేశించినవి: వేట, జూదం, దండపారుష్యం మొదలైనవి. అధికారం చేజారిన ముసలివాని అలవాటుకు ఆ జాబితాలో చోటు లేదు. ఆధునిక మనోవిజ్ఞానం ఈ లోపాన్ని పూరించిందా?

పూర్తిగా పూరించలేదనే చెప్పాలి. వ్యసనాన్ని గుర్తించే ప్రమాణాలలో ఉద్యోగ, కుటుంబ బాధ్యతల వైఫల్యం ముఖ్యమైనది. కుందూ తీరంలోని చాపాడు ప్రాంతంలో, కొడుకులకు పొలం పంచియిచ్చి, నెలకొక ఇంట వంతుల భోజనం చేసే ఒక వృద్ధుణ్ణి ఊహించుకుందాం. విఫలం కావడానికి అతనికి బాధ్యతంటూ ఏదీ మిగలలేదు. ప్రశ్నావళి ప్రకారం అతనికి సమస్యే లేదు. శరీరం మాట వేరు. వయసుతో ఒంట్లో నీటి పాలు తగ్గుతుంది కనుక, నడివయసులో తట్టుకున్న మోతాదే ఇప్పుడు రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుంది. తూలిపడితే వయసంటారు, మరచిపోతే చాదస్తమంటారు. (ఈ రెండు మాటలు ఎన్ని రోగాలను దాచాయో!)

సర్వేలదీ ఇదే తీరు. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ మాదకద్రవ్య వినియోగ నివేదిక 14.6 శాతం మంది మద్యం సేవిస్తున్నారని తేల్చింది. దాని వయఃపరిధి 10 నుండి 75 ఏళ్ళు. డెబ్బయ్యారేళ్ళవాడు అందులో లేడు. 1971 నాటి పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం ఆంధ్రలో నిప్పును నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డచుట్టపై జరిగింది. 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన ఆ పరిశోధన విలువైనది, కానీ దాని విషయం అంగిలి గాయాలు. చుట్ట వెనుక మనసును అడగవలసినవారు వేరే ఉన్నారు, వారు అడగలేదు.

ఎరిక్‌సన్ చెప్పిన చివరి దశ, సమగ్రత–నిరాశల సంఘర్షణ, మన పరిశోధనా వ్యాసాల్లో యాంత్రికంగా వల్లెవేయబడుతోంది. ఆ సిద్ధాంతం గతాన్ని నెమరువేసుకునే మనిషిని వివరిస్తుంది. భార్య పోయాక మొదలైన తాగుడుకు మాత్రం గతం కన్నా ఖాళీ మధ్యాహ్నాలే ఎక్కువ కారణం కావచ్చు. అవ్వ వక్కాకు సంచి సంగతీ అంతే. వక్క క్యాన్సర్ కారకమన్నది నిర్ధారితం. సంచి లాగేసుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది, దాని చుట్టూ చేరే ఇరుగుపొరుగూ తగ్గుతారు. మాన్పించే కార్యక్రమాల మూల్యాంకనంలో ఈ రెండవ లెక్కకూ ఒక గడి కావాలి. ఆ ప్రశ్నావళి ఆంగ్లం నుండి అనువాదం కాకుండా, అవ్వకు అర్థమయ్యే సీమ పలుకులో తయారుకావాలి.