మైనస్ 27

ఫైబర్ పనివాళ్ళు మీ ఇంటికొస్తే ముందు స్పీడు చూడరు, ‘లైటెంత వస్తోంది?’ అంటారు. పవర్ మీటరు మైనస్ 19 డీబీఎం చూపిస్తే నిశ్చింత. మైనస్ 27 దాటితే ఇంట్లో పెట్టె మీద ఎర్రదీపం వెలగొచ్చు. పర్చూరు, పెదనందిపాడు వైపు పత్తి బోరేలు, మిర్చి టిక్కీలు ఎత్తుగా కట్టిన బండ్లు తిరిగే నెలల్లో వాళ్ళకు ఊపిరాడదు. జారిన తీగ ఏ ట్రాక్టరుకో తగులుకుంటుంది.

మన ఏపీ ఫైబర్‌గ్రిడ్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తోంది. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. అంత చవకగా ఇవ్వాలంటే ఒకే గాజుపోగును చాలా ఇళ్ళు పంచుకోవాలి. ఊళ్ళో స్ప్లిట్టర్ దాన్ని 32 పాయలు చేస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు. కానీ రెండుగా చీల్చినప్పుడల్లా వెలుగు సగమవుతుంది, అంటే 3 డీబీ (డెసిబెల్) నష్టం. 32 పాయలకు, స్ప్లిట్టర్ సొంత నష్టం కూడా కలిపి, దాదాపు 17 డీబీ. ఇలా పోగు పంచుకునే మామూలు పద్ధతి జీపాన్‌లో నష్టానికి ఉన్న హద్దు 28. పది కిలోమీటర్ల గాజు తినేది మూడున్నర. మిగిలిన ఏడున్నరే పనివాడి చేతిలో ఉంటుంది. మంచి జాయింటుకు 0.1 కూడా పోదు. దుమ్ముపట్టిన కనెక్టరో, మేకు చుట్టూ బిగించి వంచిన తీగో మాత్రం ఒక్కచోటే సగం వెలుగు మింగేయగలదు.

వెలుగు తగ్గితే తప్పులు పెరుగుతాయి, పోయిన సమాచారం మళ్ళీ పంపాలి. అందరి వాటాలోంచీ కోత పడుతుంది. పైకి పంపేటప్పుడు ఇళ్ళన్నీ సాగర్ కాలువ కింద వంతు నీళ్ళలా ఒకరి తర్వాత ఒకరు పంపుతాయి, సెకనులో లక్షో వంతు చొప్పున. వాడుకోనివాళ్ళ వంతు పక్కింటికి పోతుంది. ఇది నాకెంతో నచ్చిన ఏర్పాటు. ఇంకా కావాలంటే ఉన్న పోగులోనే వేరే తరంగదైర్ఘ్యం మీద 10 గిగాబిట్లు నడపొచ్చు, కొత్త తీగ లాగనక్కర్లేదు.

ఇక కరెంటు. ఎక్స్ఛేంజి లేజరు పంపే వెలుగు రెండు మిల్లీవాట్లే. ఇంటికి అందులో వెయ్యో వంతు చాలు. ఖర్చులో ఎక్కువ భాగం ఇళ్ళలోని పెట్టెలదే. ఐదు వాట్ల పెట్టె రాత్రింబవళ్ళు వెలిగితే నెలకు 3.6 యూనిట్లు. పని లేనప్పుడు లేజరు ఆపి కునుకు తీసే పద్ధతి అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఉంది. పెట్టెలు కొనేవాళ్ళు దాన్ని అడిగి తీసుకోవాలి.

టెండర్లు పిలిచేవాళ్ళకు నా విన్నపం ఇంకొకటుంది. కనెక్షను ఇచ్చిన రోజున ప్రతి ఇంటి రీడింగూ రాయించండి. ఏటా తుపానులు దాటాక మళ్ళీ తీయించండి. ఆ పనివాడి సంచిలో కనెక్టరు తుడిచే సరంజామాకూ డబ్బు కేటాయించండి.