కుడికాలి సంగతి

పియానో కచేరీకి వెళ్తే జనం వేళ్లు కనిపించే ఎడమవైపు సీట్ల కోసం చూస్తారు. నాకు ఏ సీటైనా ఫర్వాలేదు, వాయించేవారి కుడికాలు కనిపిస్తే చాలు. ఏ స్వరకర్తను ఎలా అర్థం చేసుకున్నారో సగం అక్కడే తెలిసిపోతుంది.

కుడి పెడల్ తొక్కితే తీగల మీద ఆని మోతను ఆపే డాంపర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వేలు తీసేసినా స్వరం మోగుతూనే ఉంటుంది, తర్వాతి స్వరాలు వచ్చి దానిమీద పడతాయి.

బాఖ్ కాలపు హార్ప్సికార్డ్‌కీ, క్లావికార్డ్‌కీ ఈ సదుపాయం లేదు. అందుకే పియానిస్ట్ ఆండ్రాష్ షిఫ్ బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లావియర్'లోని 48 ప్రెల్యూడ్, ఫ్యూగ్ జంటలను పెడల్ జోలికి పోకుండా రికార్డు చేశారు. ఫ్యూగ్‌లో మూడు నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి ప్రవేశిస్తాయి. పెడల్ ఎక్కువైతే అది పంచాయతీలో అందరూ ఒక్కసారే మాట్లాడినట్టు ఉంటుంది. పెడల్ లేకపోతే స్వరాన్ని స్వరంతో కలిపే భారమంతా వేళ్లదే. ఒక వేలు నొక్కిన మీటను వదలకుండానే దాని మీదికి ఇంకో వేలును జరపాలి. సాధనకు ఇంతకు మించిన పద్ధతి లేదంటాను. చట్టం అని మాత్రం అనను. చెయ్యి అందని చోట కాలు కాస్త సాయం చేస్తే బాఖ్‌కు వచ్చే నష్టమేమీ లేదు.

అసలు చిక్కు బీథోవెన్ దగ్గర. ఓపస్ 27లోని రెండో సొనాటాను ఆయన 1801లో రాశాడు. 'మూన్‌లైట్' అన్న పేరు ఆయన పెట్టింది కాదు, చనిపోయాక వచ్చి అతుక్కుంది. మొదటి భాగం మొత్తం డాంపర్లు లేకుండా, అంటే పెడల్ తొక్కిపట్టి, వాయించాలని ఆయన స్పష్టంగా రాశాడు. ఆనాటి వియన్నా పియానోలో మోత తొందరగా సన్నగిల్లేది కాబట్టి అది కుదిరేది. ఇప్పటి ఇనుప చట్రపు పియానోలో మోత చాలాసేపు నిలుస్తుంది, మంద్రస్వరాలు ఒకదానిలో ఒకటి అలుక్కుపోతాయి. అందుకే చాలామంది హార్మొనీ మారినప్పుడల్లా పెడల్ మారుస్తారు, ఆ సూచనకు కాలం చెల్లిందంటారు.

నేను ఒప్పుకోను. ఆ భాగానికి ఆయన పెట్టిన తాళం గుర్తు ప్రకారం ఆవర్తానికి లెక్కించాల్సినవి రెండు దెబ్బలే. అంటే మనకు అలవాటైన ఈడుపు నడక ఆయనది కాదు. నడక కొంచెం పెంచి, డాంపర్లు తీగలను తాకీ తాకనట్టు పెడల్ సగం వరకే తొక్కి చూడండి. వచ్చేది గందరగోళం కాదు, పల్చటి మసక. ఆయన కోరింది అదేనని నా నమ్మకం. బాఖ్‌కు పెడల్ వద్దన్న షిఫే ఇక్కడ మాత్రం దాన్ని తొక్కిపట్టే వాయిస్తారు, చూశారా!

బీథోవెన్ తర్వాతివారిలో షోపాన్ పెడల్ గుర్తులు స్వయంగా, శ్రద్ధగా వేసుకున్నాడు. డెబ్యుసీ దాదాపు వేయనే లేదు, వాయించేవాడి చెవికి వదిలేశాడు.

వీలైతే ఈ వారం ఆ సొనాటా మొదటి భాగాన్ని షిఫ్ వాయించగా ఒకసారి, విల్హెల్మ్ కెంఫ్ వాయించగా ఒకసారి వినండి. మీ ఓటు ఎవరికో రాయండి. నాతో విభేదించే ఉత్తరాలు ముందు చదువుతాను.